నడుము వంగిన స్త్రీ – నొప్పి మాత్ర

ధ్యాన భాగము: లూకా 13:10–17



ప్రభువు సమాజమందిరములో బోధించుచున్న ఆ విశ్రాంతిదినమున అక్కడ ఒక స్త్రీ యుండెను. 18 ఏండ్లనుండి ఆమె నడుము వంగిపోయి, చక్కగా నిలువలేక యుండెను. ఆమె పడిన నొప్పిని గురించి లూకా ఏమియు వ్రాయలేదు. అయినను చెనక్కాయల చేలలో కలుపు తీసి, ఇటుకలు మోసి, నడుము పట్టుకొని ఇల్లు చేరు మన తల్లులకు ఆ సంగతి ఎవరును వివరింపనక్కరలేదు.

చిత్తూరు, తిరుపతి ప్రాంతపు పల్లెలలో మేము ఇండ్లు దర్శించునప్పుడు ఇట్టివారు ప్రతి వీధిలోను కనబడుదురు. నడుము నొప్పి, మోకాళ్ల నొప్పి, ఎన్నడో విరిగి అతికిన ఎముక పోటు. అది కేన్సరు కాదు, ప్రాణము తీయదు; గాని రాత్రి నిద్ర పోనియ్యదు. దిండు క్రింద మాత్రల అట్ట యుండును. దినమును ఆ మాత్ర వేసికొనుట పాపమా, అయ్యగారూ, అని కొందరు మెల్లగా అడుగుదురు. ఈ నెల ఆ ప్రశ్ననే మనము ధ్యానింతము.

మొదటి సంగతి, నొప్పికి మందు పుచ్చుకొనుట పాపము కాదు. మంచి సమరయుడు దెబ్బలు తిన్నవానికి ఓర్చుకొనుమని బోధ చేయలేదు. నూనెయు ద్రాక్షారసమును పోసి గాయములు కట్టెను. సిలువయొద్ద ప్రభువు మత్తు కలిపిన ద్రాక్షారసమును త్రోసివేసెను గదా యని కొందరు వాదింతురు. ఆ పాత్రను ఆయన మన నిమిత్తము త్రోసివేసెను; మోకాళ్ల నొప్పిగల ముసలమ్మను మందు మానుమని ఆజ్ఞ ఇయ్యలేదు. నల్లమందునుండి తీసిన మార్ఫిన్ శస్త్రచికిత్స వేళను, పెద్ద ప్రమాదములలోను, కేన్సరు బాధలోను గొప్ప కనికరమై యున్నది. అట్టి రోగులకు అది మరి సులభముగా అందవలెనని 2014లో మన దేశపు చట్టమును సవరించిరి. అట్టి బాధలో వైద్యుడు దానిని ఇచ్చినప్పుడు భయపడి ఎవరును నిరాకరింపకూడదు.

రెండవ సంగతి, ఏండ్ల తరబడి నిలిచిన నొప్పికి ఇదే మందును దినదినము మ్రింగుట వేరు. నొప్పి మాత్రలన్నియు ఈ జాతివి కావు. పారాసిటమాల్ ఈ జాతిది కాదు. ట్రమడాల్, టాపెంటడాల్, కోడీన్ మార్ఫిన్‌కు చుట్టములు. వైద్యులు వీటిని ఓపియాయిడ్లు అందురు. మొదట ఇవి హాయినిచ్చును. కొన్ని నెలలకు శరీరము అలవాటు పడును. ఒక మాత్ర చేసిన పనికి రెండు కావలసివచ్చును. మలబద్ధము, మగత, తూలి పడుట కలుగును. కొందరిలో నొప్పి యే పెరుగును. ఒక పూట తప్పినయెడల చెమటలు, వణుకు, ఒళ్లు నొప్పులు వచ్చును. పాత నొప్పి తిరిగి వచ్చెనని తలంచి రోగి మరల అట్ట విప్పును. సారాయితోగాని నిద్రమాత్రలతోగాని కలిసినప్పుడు ఊపిరియే ఆగిపోవచ్చును.

అమెరికా దేశములో 1990ల తరువాత ఈ మందులను దీర్ఘకాలపు నొప్పులకు విరివిగా వ్రాసి ఇచ్చిరి. తరువాత వీధి మత్తుమందులును తోడై, 2017 ఒక్క సంవత్సరములోనే ఈ జాతి మందులవలన 47,000 మందికి పైగా చనిపోయిరి. అక్కడనే నడుము, తుంటి, మోకాళ్ల నొప్పులుగల 240 మందిని ఒక ఏడాది పరీక్షించి 2018లో ఫలితము ప్రకటించిరి: ఓపియాయిడ్లు వాడినవారికి మామూలు మందులు వాడినవారికంటె ఎక్కువ మేలు కలుగలేదు; ఇబ్బందులు మాత్రము ఎక్కువాయెను. ఆ సంవత్సరమే ఏప్రిల్‌లో మన ప్రభుత్వము ట్రమడాల్‌ను మాదకద్రవ్యముల చట్టము క్రిందికి తెచ్చెను. చీటీ లేకుండ ఎవరైన దానిని చేతిలో పెట్టినయెడల అది దయ యని తలంపవద్దు.

మరి నొప్పి ఎందుకు? మనకు పొరుగున నున్న రాయవేలూరు ఆసుపత్రికి 1946లో వచ్చిన డాక్టరు పాల్ బ్రాండ్ కుష్ఠరోగుల చేతులను శ్రద్ధగా పరిశీలించెను. వ్రేళ్లను తినివేయునది రోగము కాదనియు, నొప్పి తెలియనందున కాలిన గాయములును కోసికొన్న గాయములును వ్రేళ్లను పాడుచేయుచున్నవనియు గ్రహించెను. నొప్పి యొక కావలివాడు. అయితే దొంగ వెళ్లిపోయిన తరువాతను కేకలు మానని కావలివాడున్నాడు. దీర్ఘకాలపు నొప్పి అట్టిది. వాని నోరు మత్తుతో మూయుట కంటె, అపాయము లేదని నరములకు మెల్లమెల్లగా నేర్పుట మేలు. కొంచెము నడక, వైద్యులు నేర్పు వ్యాయామము, కాపడము, మంచి నిద్ర, నరముల నొప్పికి తగిన వేరు మందులు, మనస్సుకు ఆదరణ, ఇవన్నియు కలిసి పనిచేయును. నొప్పి పూర్తిగా పోకపోవచ్చును. గాని బ్రదుకు తిరిగి చేతికి వచ్చును.

మూడవది మిక్కిలి ముఖ్యము. స్వస్థత కూటములలో మందులన్నియు పారవేయుడి, అదే విశ్వాసము, అని చెప్పువారున్నారు. ఏండ్లుగా ఈ మాత్రలు వేసికొనువారు ఒక్కసారి మానరాదు. అట్లు మానినవారు తాళలేని బాధలో పడుదురు. కొందరు ప్రాణముమీదికి తెచ్చుకొందురు. వైద్యునియొద్దకు వెళ్లి, ఎన్ని వేసికొనుచున్నారో దాచక చెప్పి, ఆయన చెప్పిన చొప్పున కొంచెము కొంచెముగా తగ్గించుకొనవలెను. వైద్యునితో నిజము చెప్పుటయు విశ్వాసక్రియయే. శరీరము అలవాటు పడుట దుర్మార్గత కాదు. అది మందు చేయు పని.

సంఘమునకు ఒక మాట. ఆ దినమున సమాజమందిరపు అధికారి కోపపడి గద్దించెను. ప్రభువైతే ఆమెను చూచెను, పిలిచెను, చేతులుంచెను, అందరియెదుట అబ్రాహాము కుమార్తె యనెను. మనము ఎవరి పక్షమున నున్నాము? మాత్రలకు మరిగినదని బావియొద్ద చెప్పుకొను నోరు అధికారి నోరే. ఆసుపత్రికి తోడు వెళ్లుట, ఒక బిందె నీళ్లు తెచ్చి పెట్టుట, చాపమీద కూర్చుండలేనివారికి గుడిలో ఒక కుర్చీ వేయుట ప్రభువు చేతులు చేయు పనులు.

పౌలు తన ముల్లు తీసివేయుమని మూడుసార్లు వేడుకొనెను. ముల్లు పోలేదు, కృప చాలునను జవాబు వచ్చెను. నొప్పి నిలిచియున్నవారిని దేవుడు విడిచిపెట్టలేదని ఆ జవాబు సాక్ష్యమిచ్చుచున్నది. ఆ కృప మన చేతుల ద్వారా కూడ వారికి అందును గాక. ఆమేన్.