దీపము ఎవరి కొరకు?

చదువవలసిన వాక్యభాగములు: మత్తయి 5:14-16, మత్తయి 25:1-13, ద్వితీయోపదేశకాండము 22:8



చలికాలములో చీకటి ఉండగానే ఇల్లు విడిచి పనికి పోవువారి నిమిత్తము ఈసారి ఒక చిన్న వస్తువును ముందు పెట్టుకొని వాక్యమును ధ్యానించుదము. అది సైకిలుకు కట్టు దీపము. ఇదియు ఒక ప్రసంగ విషయమేనా అని కొందరు అనుకొనవచ్చును. మన ప్రభువు దీపమును, పులిపిండిని, పోగొట్టుకొనిన నాణెమును చూపించి దేవుని రాజ్యమును గూర్చి బోధించెను. గనుక గోడకు ఆనించి పెట్టిన సైకిలును చూచి నేర్చుకొనుట మనకు చిన్నతనము కాదు.

కర్ణాటకలో తుమకూరు జిల్లాకు చెందిన పావగడ తాలూకా మనలో కొందరికి స్వస్థలము, కొందరికి చుట్టరికపు ఊరు. పటములో చూచినయెడల దానిని మూడు వైపుల ఆంధ్రప్రదేశ్ చుట్టియుండును. కచేరీలో కన్నడము, ఇంటిలోను సంతలోను తెలుగు. వేరుశనగ పండించు మెట్ట నేల అది. వానలు తప్పిన సంవత్సరములలో కూలి వెదకుచు బెంగుళూరు దారి పట్టినవారు ఎందరో ఉన్నారు. ఆ తాలూకాలోనే తిరుమణి చుట్టుపట్ల అయిదు గ్రామముల భూములలో సుమారు 13,000 ఎకరములలో సౌర విద్యుత్ పార్కు నిర్మించిరి. అది 2018లో ప్రారంభమై 2019 చివరికి 2,050 మెగావాట్ల సామర్థ్యమునకు చేరినది. పగలంతయు అక్కడ పుట్టు కరెంటు దూరపు పట్టణములకు పోవును. రాత్రియైతే ఆ పలకలు ఏమియు ఇయ్యవు. ఇంత విద్యుత్తు పుట్టు తాలూకాలో కూడ, చీకటిలో సైకిలు త్రొక్కువాడు తన చిన్న దీపమును తానే తీసికొని పోవలెను. ఇతరులు ఎంత వెలుగు ఉత్పత్తి చేసినను అది నా సైకిలు మీద లేనియెడల దారిలో నేను చీకటియే.

దీపము లేకుండ పోవుచున్న వానిని ఆపి అడిగినయెడల సాధారణముగా వచ్చు జవాబు ఒక్కటే: "ఈ దారి నాకు తెలియనిదా? కళ్ళు మూసికొని పోగలను." ఈ జవాబులో ఉన్న పొరపాటే నేటి మన ధ్యానాంశము.

మొదటిది: చూచుట వేరు, కనబడుట వేరు.

సైకిలు మీద ఉన్నవానికి ఎదుట వచ్చు లారీ దీపములు ఒక మైలు దూరము నుండియే కనబడును. నేను లారీని చూచుచున్నాను గనుక లారీ నడుపువాడు నన్ను చూచుచునే ఉన్నాడని అతడు అనుకొనును. అక్కడనే ప్రమాదమున్నది. గంటకు 60 కిలోమీటర్ల వేగముతో వచ్చు బండి ఒక సెకనులో సుమారు 17 మీటర్లు పోవును. డ్రైవరు ఒక ఆకారమును చూచి, అది మనిషియని తెలిసికొని, బ్రేకు మీద కాలు వేయునప్పటికే 25 మీటర్లు గడచిపోవును. బ్రేకు పట్టిన తరువాత బండి నిలుచుటకు మరి 20, 25 మీటర్లు కావలెను. లైటు డిమ్ చేసి వచ్చుచున్న బండికి నల్లని కంబళి కప్పుకొనిన మనిషి దాదాపు 25, 30 మీటర్ల దగ్గరకు వచ్చువరకు కనబడకపోవచ్చును. లెక్క మీరే వేసికొనుడి. డ్రైవరు మంచివాడైనను, త్రాగనివాడైనను, ఆ లెక్క మారదు.

మన దేశములో 2022వ సంవత్సరములో రోడ్డు ప్రమాదములలో మరణించినవారు 1,68,491 మంది. వారిలో సైకిలు మీద పోవుచు చనిపోయినవారే సుమారు 4,800 మంది. వీరిలో ఎక్కువమంది పెద్ద ఉద్యోగములు చేయువారు కారు. పాలు పోయువారు, కాపలావారు, కూలికి పోవువారు, బడి పిల్లలు, అనగా మన ప్రక్క బల్ల మీద కూర్చుండి పాడువారి వంటివారే.

కొండమీది ప్రసంగములో ప్రభువు చెప్పిన దీపమును జ్ఞాపకము చేసికొనుడి. దానిని స్తంభము మీద పెట్టుట దీపము యొక్క ప్రయోజనము కొరకు కాదు, ఇంటిలోని వారందరి ప్రయోజనము కొరకు. మనలో అనేకులు "నా విశ్వాసము నాకు, దేవునికి తెలుసు, అది చాలును" అందురు. దారి నాకు తెలుసు, దీపమెందుకు అను సైకిలువాని మాటకు దీనికి భేదమేమి? మీరు పది సంవత్సరములుగా ఒకే వీధిలో ఉన్నారు. ప్రక్క ఇంటివారు కష్టములో ఉన్నప్పుడు ఫలాని ఇంటి తలుపు తట్టవచ్చునని వారికి తెలియునా? తెలియనియెడల మన దీపము వెలుగుచున్నను కుంచము క్రిందనే ఉన్నది.

రెండవది: పిట్టగోడ ధర్మము.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో ఒక ఆజ్ఞ ఉన్నది. క్రొత్త ఇల్లు కట్టువాడు మిద్దె చుట్టు పిట్టగోడ కట్టింపవలెను. ఎవడైనను అక్కడనుండి పడి చనిపోయినయెడల ఆ రక్తాపరాధము ఆ ఇంటి మీదికి వచ్చును. ఇంటి యజమానునికి తన మిద్దె అంచు ఎక్కడున్నదో తెలియును. పిట్టగోడ అతని కొరకు కాదు. ఆ రాత్రి అతిథిగా వచ్చి మిద్దె మీద పండుకొను వాని కొరకు, ఆడుకొను పిల్లల కొరకు. పొరుగువానిని ప్రేమించుట అను మాట ఇక్కడ ఇటుకలతోను సున్నముతోను కట్టబడియున్నది.

సైకిలు వెనుక మడ్‌గార్డుకు ఉండు ఎఱ్ఱని రిఫ్లెక్టరు అట్టి పిట్టగోడయే. అది త్రొక్కువాని ప్రాణమును కాపాడును. అంతేకాదు, వెనుక వచ్చు డ్రైవరును ఒక మనిషిని చంపితినను భారము నుండి కాపాడును. ఆ డ్రైవరుకును ఇంటి దగ్గర ఎదురుచూచు భార్యాబిడ్డలు ఉన్నారు కదా.

అయితే ఒక మాట. ఈ ఆజ్ఞ బీదవాని మీద మాత్రమే మోపవలసినది కాదు. స్కూటర్లు, కార్లు కలిగిన సహోదరులారా, ఎదుట సైకిలు వచ్చుచున్నప్పుడు ఫుల్ లైటు వేసి అతని కన్నులు చెదరగొట్టి రోడ్డు దించుట మనకు తగునా? వెనుక దీపము లేని ట్రాక్టరును రాత్రి రోడ్డు మీదికి పంపువాడు, కంకర కుప్పను గుర్తు పెట్టకుండ దారిలో వదలువాడు, రాత్రి కాపలావానికి జీతమిచ్చి దీపమియ్యనివాడు, వీరందరును పిట్టగోడ లేని మిద్దె కట్టినవారే. మనలో కొందరు పదిమందికి పని ఇచ్చు స్థితికి దేవుని కృపచేత వచ్చిరి. మీ దగ్గర పనిచేయువారు ఏ వేళకు, ఎట్లు ఇల్లు చేరుచున్నారో ఎప్పుడైనను అడిగితిరా?

మూడవది: చీకటికి రిఫ్లెక్టరు, మంచుకు స్వంత దీపము.

ఇది శ్రద్ధగా వినవలసిన సంగతి. రిఫ్లెక్టరుకు తనదైన వెలుగు లేదు. తన మీద పడిన వెలుగును ఎటునుండి వచ్చెనో అటే త్రిప్పి పంపును. ఇందులో మనకు మంచి పాఠమున్నది. మన సత్క్రియలను చూచినవారు మనలను కాక పరలోకమందున్న తండ్రిని మహిమపరచవలెనని ప్రభువు కోరెను. మనుష్యులు చూడవలెనని నీతికార్యములు చేయవద్దని ఆయనే మత్తయి 6వ అధ్యాయములో హెచ్చరించెను. ఈ రెండును ఒకదానికొకటి విరోధము కావు. రిఫ్లెక్టరును చూచి "ఎంత అందమైన రిఫ్లెక్టరు" అని ఎవడును అనడు, "అక్కడ మనిషి ఉన్నాడు, జాగ్రత్త" అనును. ఫుల్ లైటు సంగతి వేరు. దట్టమైన మంచులో దానిని వేసినయెడల ఆ వెలుగు నీటి కణములకు తగిలి తిరిగి వచ్చి, వేసినవాని ఎదుటనే తెల్లని తెరవలె నిలుచును. గొప్ప కొరకు చేయు భక్తి ఎదుటివానికి దారి చూపదు, తనకును దారి కనబడనియ్యదు.

అయితే రిఫ్లెక్టరు చీకటిలో పనిచేసినట్లు మంచులో పనిచేయదు. ఎందుకనగా బండి దీపము నుండి బయలుదేరిన వెలుగు మంచును దాటి రిఫ్లెక్టరు వద్దకు రావలెను, మరల అదే మంచును దాటి డ్రైవరు కంటికి పోవలెను. రెండు మారులు తరిగి, చేరునప్పటికి మిగులునది కొంచెమే. 50 మీటర్ల కంటె ఎక్కువ కనబడని మంచును వాతావరణ శాఖవారు మిక్కిలి దట్టమైనదిగా లెక్కింతురు. అట్టి వేళ తనంతట తాను వెలుగు దీపము మాత్రమే కొంతయైనను పనికివచ్చును.

ప్రియులారా, మన సంఘములు స్థిరపడిన సంఘములు. మందిరమున్నది, సంఘ పెద్దలున్నారు, చరిత్రయున్నది. 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతములో గుండ్లకమ్మ యొద్ద 2,222 మంది బాప్తిస్మము పొందిరని క్లౌ దొరగారి కాలపు సంగతిని మనము సంతోషముతో చెప్పుకొందుము. చెప్పుకొనవలసినదే. అయితే అది మన మీద పడిన వెలుగు. సంఘమంతయు పాడుచున్నప్పుడు, బంధువులందరు చుట్టునున్నప్పుడు దానిని త్రిప్పి పంపుట సులభము. పని పోయినప్పుడు, బిడ్డకు జబ్బు చేసినప్పుడు, భాష తెలియని ఊరిలో ఒంటరిగా గది తీసికొనినప్పుడు మంచు క్రమ్మును. అప్పుడు తాతగారి విశ్వాసము మన వరకు చేరునప్పటికే తరిగిపోవును. పదిమంది కన్యకలలో అయిదుగురికి దివిటీలు లేకపోలేదు, నూనె లేకపోయెను. ఆ రాత్రి నూనె అప్పుగా దొరకలేదు.

వెనుకటి దినముల డైనమో దీపములు మీకు జ్ఞాపకముండును. చక్రము తిరిగినంతసేపు వెలుగును, కూడలిలో ఆగిన వెంటనే ఆరిపోవును. ఆగి నిలిచినప్పుడే వెనుకనుండి వచ్చువానికి మనము కనబడవలసిన అవసరము మరి ఎక్కువ. మహాసభలు, ఉజ్జీవ కూటములు జరుగుచున్నంతసేపు వెలిగి, అవి ముగిసిన సోమవారము ఆరిపోవు భక్తి డైనమో భక్తియే.

చివరిగా, వెనుక దీపమును గూర్చి ఒక మాట. సైకిలుకు ముందు తెల్లని దీపము, వెనుక ఎఱ్ఱని దీపము ఉండవలెను. త్రొక్కువానికి తన ఎఱ్ఱని దీపము ఎన్నడును కనబడదు. అది పూర్తిగా వెనుక వచ్చువారిది. 1903లో నెల్లూరు ప్రాంతము నుండి మన తెలుగు బాప్తిస్టు హోమ్ మిషనరీ సంఘము జాన్ రంగయ్యగారిని దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు పంపినది. అక్కడి తోటలలో కూలికి పోయిన తెలుగువారి మధ్య సంఘములను కట్టి, 1915లో ఆయన ప్రభువునందు నిద్రించెను. ఆయన వెనుక ఎందరు తరతరములుగా ఆ దారిని వచ్చిరో ఆయన కన్నులతో చూడలేదు. మన పిల్లలు మన వెనుక వచ్చుచున్నారు. తెలుగు చదువుట రానివారు కూడ వారిలో ఉన్నారు. వారు మన ప్రసంగములను మరచినను, మనము ఏ మలుపు ఎట్లు తిరిగితిమో చూచుచునే ఉన్నారు.

ఇక క్రియలో చేయవలసినవి. వచ్చు ఆదివారము ఆరాధన తరువాత యౌవనస్థులు మందిరము ముందున్న సైకిళ్ళను ఒకసారి చూడవలెను. ముందు దీపము, వెనుక ఎఱ్ఱని దీపము, రిఫ్లెక్టరు ఉన్నవా? బురద పట్టియున్నయెడల తుడువుడి. క్యారియరు మీది గడ్డిమోపు, పాలక్యాను వాటిని కప్పుచున్నవేమో చూడుడి. పెడళ్ళకు, చీలమండలకు మెరయు టేపు కట్టుడి. పైకి క్రిందికి ఆడు మెరుపును చూచిన డ్రైవరుకు అది మనిషియని త్వరగా తెలియును. కంబళి కప్పుకొనువారు దానిపై తెల్లని తువ్వాలునైనను వేసికొనవలెను. మంచు మరీ దట్టమైనప్పుడు దిగి, రోడ్డు విడిచి దూరముగా నిలిచి, అది పలుచబడువరకు కనిపెట్టుడి. ఆలస్యమైనందుకు ఒక పూట కూలి పోవచ్చును, ప్రాణము పోదు. డిసెంబరు 31 రాత్రి ఆరాధన నుండి ఇండ్లకు పోవునప్పుడు నడిచి పోవు అక్కలు, అమ్మలు చేతిలో టార్చిలైటు లేకుండ గేటు దాటకుండునట్లు పెద్దలు చూడవలెను. దీపము కొనలేనివానికి సంఘపు చందాలో నుండి కొనియిచ్చుట వ్యర్థమైన ఖర్చు కాదు. అది పిట్టగోడ కట్టుటయే.

ప్రార్థించుదము: వెలుగునకు తండ్రియైన దేవా, చీకటిలోను మంచులోను పనికి పోవు నీ బిడ్డలను కాపాడుము. మాకు తెలిసిన దారిలో ఇతరుల కొరకు దీపము పట్టుకొను ప్రేమను మాకు దయచేయుము. మా వెనుక వచ్చువారు మమ్మును బట్టి తొట్రిల్లకుండునట్లు, మాలో నూనె తరిగిపోకుండ మమ్మును నింపుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.