నిజానికి ఎర్రగానే ఉంటదంట

మా అమ్మ ‘కార్తీక దీపం’ ఒక్క ఎపిసోడ్ కూడా వదల్లేదు. 2017లో స్టార్ మాలో మొదలై 2023లో ఆగేదాకా, ఆ టైముకి మార్కాపురంలో మా ఇంటికి ఫోన్ చేస్తే ఎత్తేది కాదు. నల్లగా ఉన్నందుకు దీప పడే అవమానాలు చూసి కొంగుతో కళ్ళు తుడుచుకునేది. నేను హైదరాబాదు నుంచి సెలవుకి వెళ్ళినప్పుడు ఒకరోజు, మంచి ఏడుపు సీను మధ్యలో నా వైపు తిరిగి ఊరటగా అంది: “మేకప్పంటరా నాయనా. ఆ పిల్ల నిజానికి ఎర్రగానే ఉంటదంట.”

మా వైపు తెల్లగా ఉన్నవాళ్ళని ఎర్రగా ఉన్నారంటారు. నాకు గుచ్చుకున్నది ఆ మాట కాదు, దాని ముందున్న ‘నిజానికి’. అమ్మ నలుపు. అక్క నలుపు. నేనూ నలుపే. తెర మీద తనలాంటి మనిషిని చూసి ఏడుస్తున్న అమ్మకి, ఆ మనిషి తనలాంటిది కాదని తెలియడం ఊరట ఎలా అయింది?

ఈ ప్రశ్న పట్టుకుని ఆలోచిస్తుంటే, ఎప్పుడో చూసిన ఒక అమెరికన్ సూపర్‌హీరో సీరియల్ గుర్తొచ్చింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో రాత్రుళ్ళు మేలుకుని ‘ఏజెంట్స్ ఆఫ్ షీల్డ్’ చూసేవాణ్ణి. రెండో సీజన్లో, 2014 డిసెంబరులో వచ్చిన ఎపిసోడ్‌లో, భూమి లోపలి ఒక పాత కట్టడంలో ముగ్గురు ఇరుక్కుంటారు: స్కై, రెయినా, ట్రిప్. ఒక స్ఫటికం నుంచి పొగమంచు వస్తుంది. కొందరి ఒంట్లో దాగున్న శక్తిని అది నిద్రలేపుతుంది. స్కై ఆ మంచులోంచి భూమిని కంపింపజేసే శక్తితో బయటికొస్తుంది, ముఖం మాత్రం ఎప్పటిదే. రెయినా ఒళ్ళంతా ముళ్ళతో, తనని చూసి తనే జడుసుకునే రూపంతో వస్తుంది. పగిలిన ముక్క గుచ్చుకున్న ట్రిప్ రాయిగా మారి రాలిపోతాడు. రెయినాగా వేసిన రూత్ నెగ్గా ఇథియోపియాలో పుట్టిన నటి. ట్రిప్‌గా వేసిన బి.జె. బ్రిట్ ఆఫ్రికన్ అమెరికన్. అదే సీజన్లో రెయినా పాత్ర కూడా చచ్చిపోతుంది.

దీన్ని తెలుపు-నలుపు లెక్కగా తేల్చేయలేం. స్కైగా వేసిన క్లోయీ బెనెట్ తండ్రి చైనా మూలాలున్నవాడు. ‘వాంగ్’ అన్న ఇంటిపేరుతో హాలీవుడ్‌లో వేషాలు దొరక్క ఆమె పేరు మార్చుకుంది. ముఖం నిలుపుకున్న మనిషి కూడా గుమ్మం దగ్గర ఏదో ఒకటి వదిలేసే లోపలికొచ్చింది.

మార్పు ఎవరికి ఎలా వస్తుందో జన్యువుల్లో ఉందని కథలో సమాధానం చెప్తారు. నేను కోడ్ రాసి బతికేవాణ్ణి. మామూలు ప్రోగ్రాముల్లో ‘రాండమ్’ అని వచ్చే అంకెలు నిజంగా గాల్లోంచి ఊడిపడవు. మొదట ఒక సీడ్ ఉంటుంది. అదే సీడ్ ఇస్తే అవే అంకెలు, అదే వరసలో వస్తాయి. కథలూ అంతే. పొగమంచుకి మనుషుల రంగు తెలియదు, రాసేవాళ్ళకి తెలుసు. వాళ్ళు కావాలనే అలా రాశారని నేననను. సీడ్ ఒకటుందన్న సంగతే మర్చిపోతాం, అదీ చిక్కు.

అందుకే రూపాంతరం కథ ఏదైనా ఇప్పుడు నేనొకటే చూస్తాను: ఇందులో ఎవరి ముఖాన్ని తిరిగి రావడానికి వీలుగా భద్రంగా దాచిపెట్టారు?

మన దగ్గర ఇదే పని ఇంకో దారిలో జరుగుతుంది. దీపగా వేసిన ప్రేమి విశ్వనాథ్ మలయాళ మాతృక ‘కరుత్తముత్తు’లోనూ నల్లరంగు పూసుకునే నటించింది. ఆ పేరుకి నల్లముత్యం అని అర్థం. ముత్యాన్ని వెతకలేదు, రంగేశారు. 2021లో ‘పుష్ప’లో ఎర్రచందనం కూలీ కోసం అల్లు అర్జున్‌కీ, శ్రీవల్లి కోసం రష్మికకీ అలాగే రంగు ముదర వేశారు. ఆ పాత్రకి 2023లో జాతీయ ఉత్తమ నటుడి అవార్డు ప్రకటించారు, తెలుగు నటుడికి అదే మొదటిసారి. నాకూ సంతోషమే. ఆ ఎత్తిన భుజం నటన, ఆ నడక నటన. రంగు మాత్రం నటన కాదు.

ముసలివాడి వేషం వేయడానికి ముసలివాడే కావాలా అని ఒక స్నేహితుడు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. కానీ వయసు విషయంలో తలుపు రెండు వైపులా తెరిచే ఉంది. అరవై ఏళ్ళ హీరోకి కాలేజీ కుర్రాడి వేషం ఇచ్చి ఈలలు వేసేవాళ్ళం మనం. నలుపు దగ్గర ఆ తలుపు ఒకవైపే తెరుచుకుంటుంది. తెల్లనివాళ్ళు నల్లబడితే పాత్ర కోసం కష్టపడ్డారంటాం. నల్లని అమ్మాయిని నల్లని పాత్రకి కూడా పిలవం. నల్లనివాళ్ళకి టీవీ ఇచ్చిన రూపాంతరం ఒకటే, మెట్టు మెట్టుకీ ముఖం తెల్లబడే క్రీము ప్రకటన. 2020లో ఆ క్రీము పేరులోంచి ‘ఫెయిర్’ తీసేసి ‘గ్లో’ పెట్టారు. పేరుకి రూపాంతరం అంత తేలిక.

ఇంత చెప్తున్న నేనూ ఈ పని చేశాను.

2011లో నేను ఇంజనీరింగ్ చదువుతుండగా అక్కకి గిద్దలూరు నుంచి ఒక సంబంధం వచ్చింది. వివరాల కాగితంలో ‘చామనచాయ’ అని రాయించారు. మా ఇళ్ళలో అది రంగు పేరు కాదు, పై అంకెకి రౌండ్ చేయడం. ఫొటో పని నాకప్పగించారు. హాస్టల్లో ఎవరిదో కంప్యూటర్లో, దొంగ కాపీ ఫొటోషాప్‌లో, అక్క ముఖాన్ని కొంచెం కొంచెంగా వెలిగించాను. బాగా వచ్చిందని గర్వపడ్డాను కూడా.

పెళ్ళిచూపుల రోజు పొద్దున అక్క ఆ ఫొటో అద్దానికి ఆనించి, దాన్ని చూసుకుంటూ పౌడర్ రాసుకుంటోంది. మెడ దాకా వచ్చి ఆగింది. “ఎంతదాకా తెల్లగా చేశావురా? చేతులు కూడానా?” అని అడిగింది. కోపం లేదు. జాకెట్ కొలత అడిగినట్టు అడిగింది. నేను ఏదో చెప్పి బయటికెళ్ళిపోయాను. వాళ్ళొచ్చారు, కాఫీలు తాగారు, వెళ్ళారు. ఫొటోలో వేరేగా ఉందన్నారని మధ్యవర్తి తర్వాత కబురు చెప్పాడు. ఆ మాట వినే టైముకి అక్క వంటింట్లో గ్లాసులు కడుగుతోంది.

ఆ ఫొటోలో ‘నిజానికి ఎర్రగా’ ఉండే మనిషిని తయారుచేసింది నేను. పూట గడిచాక తిరిగి ఏ ముఖంలోకి రావాలో తెలియకుండా చేసింది అక్కని.

అంతకు చాలా ముందు సంగతి ఒకటుంది. నాన్న పలకల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. సాయంత్రం తలా, కనుబొమలూ, చేతులూ పలకరాయి దుమ్ముతో బూడిదరంగై వచ్చేవాడు. అమ్మ కుళాయి దగ్గర నీళ్ళు పోసి వీపు రుద్దేది. కిందనుంచి నాన్న నలుపు తేలేది. “ఇప్పుడు మా మనిషిలా ఉన్నావు” అనేది. నిజానికి ఏ రంగో అప్పుడు అమ్మకి ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది.

ఇది అమ్మకి చదివి వినిపించాలని ఉంది. కానీ ఫొటో సంగతి ముందు అక్కతో మాట్లాడాలి. ఆ రోజు అడిగిన ప్రశ్నకి నేనింకా జవాబు చెప్పలేదు.