మొక్క నాటితే పాపం పోతుందా?

మాది బూర్గంపాడు మండలం. మూడెకరాల్లో జామాయిల్ వేశాను. నాలుగేళ్లకోసారి కొట్టించి, తొక్క ఒలిపించి, సారపాక పేపరు మిల్లుకు తోలుతాను. మోడు నుంచి మళ్లీ పిలకలొస్తాయి. పశువు ముట్టదు, కోతి రాదు. పత్తితో వేగలేక చేతులెత్తేసినవాడికి ఇంతకంటే ఏం కావాలి? అయితే మొక్కలు నాటే సభల్లో మైకు పట్టుకున్నవాళ్లు నాలాంటి రైతును ‘అడవి పెంచే పుణ్యాత్ముడు’ అంటే మాత్రం నవ్వొస్తుంది. నేను పెంచేది పంట. వరికి రాని పుణ్యం జామాయిల్‌కు ఎక్కడిది?

మేలు లేదనను. మిల్లులకు కావలసిన కర్ర రైతుల పొలాల నుంచే రావాలని 1988 జాతీయ అటవీ విధానం చెప్పింది. మేం జామాయిల్, సుబాబుల్, సరుగుడు వేసిన మేరకు అడవి వెదురు మీద బరువు తగ్గింది.

అసలు చిక్కు వేరే ఉంది. గనికో ప్రాజెక్టుకో అడవి పోతే, బదులుగా ఇంకోచోట మొక్కలు నాటాలి. అందుకు కట్టించుకునే డబ్బుల కోసం 2016లో ప్రత్యేక చట్టమే వచ్చింది. ఇలా నాటడాన్ని ప్రాయశ్చిత్తమనుకునేవాళ్లున్నారు. పండ్ల చెట్టు నరికినవాణ్ణి నూరు ఋక్కులు జపించమంటుంది మనుస్మృతి పదకొండో అధ్యాయం. (మనువుతో నాకు పేచీలు చాలానే ఉన్నాయి, ఈ ఒక్కచోట వినబుద్ధవుతుంది.) చేసిన పాపం నలుగురిలో చెప్పుకోవాలనీ, పశ్చాత్తాపపడాలనీ, మళ్లీ చేయనని గట్టిగా అనుకోవాలనీ అదే అధ్యాయం అంటుంది. మొక్కల లెక్కలో ఈ మూడూ లేవు. డబ్బు కట్టినవాడు మరుసటేడు ఇంకో అడవికి దరఖాస్తు పెట్టుకోవచ్చు.

పోయినదేమిటో చూడాలంటే చైత్రంలో తెల్లవారకముందే ఇప్పచెట్టు కిందికి వెళ్లాలి. కోయ ఆడవాళ్లు అప్పటికే బుట్టలతో వచ్చి ఉంటారు. రాలిన పువ్వు కనబడాలని ఎండుటాకులు ముందే తీసేసి ఉంచుతారు. పువ్వు లేత పసుపు రంగులో కండగా ఉంటుంది, ఏరుతుంటే వేళ్లకు తీపి జిగురు అంటుకుంటుంది. ఎండబెట్టి కొంత ఇంట్లోకి, కొంత గిరిజన సహకార సంస్థ (జీసీసీ)కి. తర్వాత పలుకుల నుంచి నూనె. ఎలుగుబంటికీ ఇందులో వాటా ఉంది, ఒక్కోసారి ఆడవాళ్లకంటే అదే ముందొస్తుంది. నా జామాయిల్ కిందికి దానికేం పని? అయినా ఫారెస్ట్ సర్వే లెక్కలో హెక్టారు జాగాలో పది శాతం ఆకు కప్పు ఉంటే చాలు, ఏ చెట్టయినా అడవి పద్దులోకే పోతుంది.

రాముడు పర్ణశాల వేసుకున్నది ఎవరూ నాటని దండకారణ్యంలో. రామాయణంలో ముచ్చటపడి పెంచిన వనమనగానే గుర్తొచ్చేది రావణుడి అశోకవనం. ఇది వాదన కాదు లెండి, చమత్కారం.

నాటడంలో పుణ్యమే లేదా అంటే, ఖమ్మం పక్కన రెడ్డిపల్లిలో ఉండేది. వనజీవి రామయ్య గారికి 2017లో పద్మశ్రీ వచ్చింది, 2025 ఏప్రిల్‌లో కాలం చేశారు. సైకిలు మీద మొక్కలూ విత్తనాలూ పెట్టుకుని, ఖాళీ జాగా కనబడితే నాటుకుంటూ పోయిన మనిషి. ఏ అడవినో కొట్టేసినందుకు బదులుగా నాటినవి కావవి. ఆయన చెట్లను అడ్డం పెట్టి ఇంకొకరు గొడ్డలి ఎత్తడానికీ వీల్లేదు.

అడవిని కాపాడుకునే అధికారం 2006 అటవీ హక్కుల చట్టం గ్రామసభకు ఇచ్చింది. మీ ఊరి అడవి అడుగుతూ కాగితం వస్తే, బదులుగా ఎన్ని మొక్కలు నాటుతారని మాత్రమే అడిగి ఊరుకోకండి. పోబోయే ఇప్ప, తునికి, మద్ది చెట్ల లెక్క పేరుపేరునా సభలో పైకి చదివించండి.