హన్నా ఆ సంవత్సరము షిలోహుకు వెళ్లలేదు

ధ్యానభాగములు: 1 సమూయేలు 1:21–28, మార్కు 6:30–34



నాందేడులోని మన తెలుగు కుటుంబములలో ఒక పసిబిడ్డకు గుండె గోడలో రంధ్రమున్నదని తెలిసినప్పటినుండి మీరందరు ప్రార్థించారు. శుక్రవారములు ఉపవాసమున్నారు. స్త్రీల సమాజమువారు పిడికెడు బియ్యము అమ్మిన సొమ్ము తెచ్చి ఆ తండ్రి చేతిలో పెట్టారు. ముంబయిలో ఆపరేషను జరిగి ఇరవై రెండు దినములకు బిడ్డ ఇంటికి వచ్చాడు. దేవునికి స్తోత్రము.

మరికొన్ని వారములు గడిచి, డాక్టరుగారు సరేనన్న తరువాత, ఆ తల్లిదండ్రులు ఇద్దరు పిల్లలను తీసుకొని మూడు దినములు ఊరు విడిచి వెళ్లారు. దెగ్లూరు మీదుగా బిచ్కుందలో బంధువుల ఇంటికి చేరి, ఒక దినము నిజాంసాగర్ కట్టమీద కూర్చున్నారు, ఒక దినము మెదకు గుడి చూచి వచ్చారు. అంతే. అయితే తరువాతి ఆదివారము మన గుడి వాకిట చెప్పులు తొడుగుకొనేచోట ఒక మాట పుట్టింది. “మందులకు లేవన్నవాళ్లకు షికారుకు ఎక్కడివి? కృతజ్ఞత కూడిక పెట్టకముందే యాత్రలేమిటి? ఆరాధనకు రాలేనివాళ్లు డ్యాముకు ఎట్లా పోయారు?” ఈ మాటను వాక్యము ముందు పెట్టి చూడవలెను.

మొదట హన్నా సంగతి చూడండి. ఏడ్చి ప్రార్థించి కన్న బిడ్డ. మరుసటి ఏట ఎల్కానా ఇంటివారినందరిని వెంటబెట్టుకొని బలి అర్పించుటకు షిలోహుకు బయలుదేరాడు. హన్నా వెళ్లలేదు. పాలు మానేవరకు బిడ్డతో ఇంటనే ఉంటాననీ, తరువాత తానే తీసుకొని వస్తాననీ భర్తతో చెప్పింది. మ్రొక్కుకొన్న తల్లే వెళ్లలేదు! ఆ దినములలో పాలు మానుట ఒక ఏడాదితో అయ్యే పని కాదు. ఎల్కానా ఏమన్నాడు? నీకు ఏది మంచిదని తోస్తే అది చేయమన్నాడు, ప్రభువు తన మాట నెరవేర్చుగాక అన్నాడు. యాజకుడైన ఏలీ ఈమె ఎందుకు రాలేదని కబురు పంపినట్లు వ్రాయబడలేదు. హన్నా మాట తప్పలేదు, సమయము వచ్చినప్పుడు బిడ్డతో వచ్చి నిలబడింది.

డ్యాముకు పోయి ఆరాధనకు రాలేదన్నదానికి సమాధానము చిన్నది. గుండె ఆపరేషను అయిన పసివాణ్ణి కొన్ని వారములు జనసమూహములోకి తేవద్దని డాక్టర్లు చెప్పుతారు. మన మందిరములో ఆదివారము నూటయాభైమంది కూర్చుంటారు. బయటికి రాగానే ప్రతి అమ్మమ్మా బిడ్డను ఎత్తుకొని ముద్దు పెట్టుకుంటుంది. నిజాంసాగర్ గట్టున గాలి తప్ప ఎవరున్నారు?

ఇక వాళ్లు ఎందుకు వెళ్లారు? ఇది నేను ఆ ఇంటికి వెళ్లి విన్నది. వాళ్లకు అయిదేండ్ల కూతురున్నది. ఇరవై రెండు దినములు నానమ్మ దగ్గర ఉన్నది. తల్లి తిరిగి వచ్చిన రోజున ఇంటినిండా జనము, అందరు తమ్ముణ్ణే చూడవచ్చారు. అక్క దగ్గరకు వస్తే ముట్టుకోవద్దన్నారు, తుమ్మితే అవతలికి పొమ్మన్నారు. తల్లికేమో ఐ.సి.యు. వాకిట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చొని కూర్చొని, ఇంట్లో కూడా నిద్రలోనుండి ఉలిక్కిపడి లేచి బిడ్డ రొమ్ము కదులుతున్నదో లేదో చూచే అలవాటైపోయింది. తండ్రి ఆసుపత్రి వరండాలో పేపరు పరచుకొని పడుకున్నవాడు. భార్యాభర్తలు మందులు, బిల్లులు తప్ప వేరొక మాట మాట్లాడుకొని రెండు నెలలైంది. పిల్ల తల్లిని “అమ్మా” అని పిలుచుట మానేసి అన్నిటికి నానమ్మనే పిలుస్తున్నది. నేను బడిపిల్లల మధ్య బ్రదికినవాడను. ఇంట్లో ఒక బిడ్డకు జబ్బు చేస్తే రెండవ బిడ్డ పలక మీద అక్షరాలు వంకర పోతాయి. ఆ మూడు దినములు ఆ పిల్లకోసమే. కట్టమీద తండ్రి భుజమెక్కి నీళ్లు చూచిందట. అప్పు చేయలేదు, బస్సు చార్జీలు, బంధువుల ఇంట భోజనము.

మార్కు ఆరవ అధ్యాయములో శిష్యులు పనిచేసి తిరిగి వచ్చారు. వచ్చిపోయే జనముతో అన్నము తినడానికైనా తీరిక లేదు. అంతకు ముందే బాప్తిస్మమిచ్చు యోహానును సమాధి చేసిన వార్త ఉన్నది. అప్పుడు ప్రభువే వారిని ఏకాంతముగా పోయి కొంచెము అలసట తీర్చుకొందామని పిలిచాడు. ఆ ఆలోచన శిష్యులు అడిగినది కాదు, ఆయనదే. జనము గట్టువెంబడి పరుగెత్తి ముందుగానే చేరారు, అది వేరే సంగతి. జనముపై ఆయన కనికరపడి తానే బోధించుటకు పూనుకొన్నాడు. శిష్యులను పడవలోనుండి లేపి, విశ్రాంతి అడగడానికి మీకు సిగ్గులేదా అనలేదు.

కానుక ఇచ్చాము కనుక అడిగే హక్కున్నదని కొందరి మనస్సు. దీనికి మన బాప్తిస్టు చరిత్రలోనే జవాబున్నది. 1876–78 కరువులో ఒంగోలు క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువలో కొంత భాగము కాంట్రాక్టు తీసుకొని వేలమందికి పని చూపించి కూడు పెట్టారు. బాప్తిస్మము కావాలని జనము వచ్చినా కరువు సహాయము సాగినంతకాలము ఇవ్వలేదు. కూటికొరకు వచ్చినవారని అనిపించుకొనకూడదని, సహాయమునకు వెల కట్టకూడదని. సహాయము ఆపిన తరువాతనే 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందారు. బాప్తిస్మమునే వెలగా తీసుకొననివారి సంతతివారము, మూడు దినముల లెక్క అడుగుదుమా?

కృతజ్ఞత కూడిక గూర్చి కూడా ఒక మాట. షామియానా, మైకుసెట్టు, రెండువందలమందికి బిర్యానీ. ఇంత చేసి వడ్డీకి తెచ్చిన అప్పు తీర్చలేక తలదించుకొన్న కుటుంబములను మీరు ఎరుగుదురు. మహారాష్ట్ర ప్రభుత్వ ఆరోగ్య పథకము 2012 జూలైలో మొదలైనప్పుడు మొదటి ఎనిమిది జిల్లాలలో మన నాందేడు ఒకటి. 2017నుండి అది మహాత్మా జ్యోతిరావు ఫూలే పేరున నడుస్తున్నది. ఆపరేషను ఖర్చు పథకము భరించినా గది అద్దె, పోయిన కూలి అది భరించదు. ద్వితీయోపదేశకాండము 14వ అధ్యాయములో దూరపువాడు దశమభాగమును సొమ్ము చేసుకొని, ఇష్టమైనది కొని, ఇంటివారితో దేవుని సన్నిధిని తిని సంతోషించవలెనని ఉన్నది. లేవీయుని మరువవద్దన్నాడు గాని ఊరంతటికి విందు పెట్టమనలేదు.

వేయిమంది పుడితే ఎనిమిది తొమ్మిదిమందికి గుండెలో ఏదో ఒక లోపముంటుంది. ఒకప్పుడు నీలిరంగు తిరిగిన బిడ్డను ఒడిలో పెట్టుకొని చూచుటే తప్ప చేయగలిగినది లేదు. 1944 నవంబరు 29న అమెరికాలో బాల్టిమోరులో బ్లాలాక్ అనే సర్జను అలాంటి బిడ్డకు మొదటి శస్త్రచికిత్స చేశాడు. దారి ఆలోచించినది హెలెన్ టౌసిగ్ అనే డాక్టరమ్మ. ఆమెకు చెవులు సరిగా వినపడవు, బిడ్డల గుండెను చేతితో తాకి తెలుసుకొనేది. కుక్కలమీద ప్రయోగించి పద్ధతి నేర్చినవాడు వివియన్ థామస్ అనే నల్లజాతివాడు. డాక్టరు చదువు లేదు. ఆ దినమున సర్జను వెనుక పీటమీద నిలబడి ఎక్కడ ఎట్లా కుట్టాలో చెప్పాడు.

ఇంకొక మాట ఉన్నది, అది వ్రాయుటకు చేయి ఆగుతున్నది. వాకిట పుట్టిన మాటలలో ఒకటి అసూయ కాదు, గాయము. 2023 అక్టోబరు మొదట్లో మన నాందేడు ప్రభుత్వ ఆసుపత్రిలో 24 గంటలలో 24 మంది చనిపోయారు, వారిలో 12 మంది అప్పుడే పుట్టిన శిశువులు. ఆ వార్త చదివి మనము ప్రార్థించాము. అయితే మన బల్లలమీదనే ఒడి ఖాళీ అయిన తల్లి కూర్చొని ఉన్నది. ఆసుపత్రికి వెళ్లింది, బిడ్డ లేకుండా తిరిగి వచ్చింది. డ్యాము ఫోటో ఎవరో ఆమెకు చూపించారు.

ఏలీయా చచ్చిపోతానని చెట్టుక్రింద పడుకొన్నప్పుడు దూత ప్రసంగము చేయలేదు. తట్టి లేపి రొట్టె, నీళ్లు చూపించాడు, మరల పడుకోనిచ్చాడు, రెండవమారు కూడా భోజనమే. బ్రదికిన బిడ్డ తల్లికి విశ్రాంతి కావలసివస్తే ఆమెకు ఇంకెంత కావలెను? ఆమెను ఎవరూ ఎక్కడికీ తీసుకొని పోలేదు. దినము తీరగానే ఆమె ఆదివారము పాటల పుస్తకము పంచే పనిలో నిలబడింది.

బిడ్డ ప్రతిష్ఠ ఎప్పుడని అడుగుచున్నారు. మనము పసివారికి బాప్తిస్మమియ్యము, సమూయేలువలె ప్రభువుకు ప్రతిష్ఠించుదుము. తేదీ తల్లి చెప్పిన తరువాతనే సంఘకాపరిగారు ప్రకటిస్తారు. ఆలోగా ఇంటికి వెళ్లి చూచేవారు చేతులు కడుగుకొని వెళ్లండి. రొమ్ముటెముక అతుకుటకు సుమారు ఆరు వారములు పట్టును; అది గట్టిపడినదని డాక్టరుగారు చెప్పేవరకు చంకలక్రింద చేతులు పెట్టి ఎత్తకండి, తలక్రింద ఒక చేయి, పిరుదులక్రింద ఒక చేయి ఉంచండి. అక్కతో కూడా రెండు మాటలు మాట్లాడి రండి.

పిడికెడు బియ్యపు సొమ్ములో కొంత ఆ రెండవ సహోదరికొరకు ప్రక్కన ఉంచవలెనని వచ్చే డీకన్ల కూటములో అడుగుచున్నాను. రెండు బస్సు టిక్కెట్లు, మూడు దినముల భోజనము. ఎక్కడికి వెళ్లవలెనో, తనతో ఎవరు రావలెనో ఆమెనే చెప్పనివ్వండి.