వాహన పరిమాణము

ఈ చాతుర్మాస్యము మొదటి దినములలో నా మేనల్లుడు చిక్కపేటలోని మా దుకాణమునకు వచ్చి ఒక కాగితము నా చేతికిచ్చినాడు. దేవనహళ్ళి వైపు వాని తండ్రి ఎన్నడో కొనిపెట్టిన భూమి అమ్ముడుపోయినది. 2008లో అక్కడ విమానాశ్రయము తెరచిన తరువాత ఆ చుట్టుపట్ల ధరలు ఎట్లు పెరిగినవో బెంగళూరు వర్తకులకు నేను చెప్పనక్కరలేదు. కాగితముపై ఐదు కార్ల పేర్లున్నవి. ఆఫీసునకొక బెంజి, ఇంటిల్లిపాదికి ఒక టొయోటా, దూరప్రయాణములకు ల్యాండ్ రోవరు, ఆదివారమునకు ఒక పోర్షె. ఐదవది, 2014లో తయారీ ఆగిపోయిన అంబాసిడరు. "అది తాతగారి గుర్తుగా" అన్నాడు.

"ఐదే మామయ్యా! ఆరోది వద్దనుకున్నాను. ఇదీ పరిగ్రహ పరిమాణమే కదా?" అని నవ్వినాడు.

నేనును నవ్వితిని గాని, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పిల్లవాడు హాస్యమాడినాడని త్రోసివేయుటకు వీలులేదు. శాస్త్రము వాని పక్షమున ఉన్నట్లే తోచును. ఉపాసకదశాంగములోని ఆనంద శ్రావకుని కథ మనకందరకు తెలిసినదే. వాణిజ్యగ్రామమున గొప్ప గృహస్థు. మహావీర స్వామి సన్నిధిని వ్రతము పట్టునాడు ఆయన పెట్టుకొన్న హద్దులు చూడుడు: నిధిలో నాలుగు కోట్లు, వ్యాపారములో నాలుగు, గృహసామగ్రిలో నాలుగు, వెరసి పన్నెండు కోట్ల హిరణ్యము, పదివేల గోవులు చొప్పున నాలుగు మందలు, 500 నాగళ్ళు. వాహనముల లెక్క వేరుగా ఉన్నది. దూరము పోవుటకు 500 బండ్లు, సరుకు మోయుటకు 500; ప్రయాణమునకు నాలుగు పడవలు, సరుకునకు నాలుగు. వేయి బండ్లవాడు శ్రావకులలో ఆదర్శప్రాయుడైనప్పుడు ఐదు కార్లవాడు చేసిన తప్పేమి?

నాకు తోచిన సమాధానము ఇది. ఆనందుడు వ్రాసికొన్నది తనకు ఉన్నవాటి పట్టీ. అంతటితో అది ముగిసినది. మరునాడు ఎంత లాభము వచ్చినను ఇంకొక బండి ఆయన ఇంటికి రాదు. మా వాడు వ్రాసికొన్నది లేనివాటి పట్టీ. సొమ్ము చేతికి వచ్చిన తరువాత, ఆ సొమ్ము ఎంతవరకు సాగునో అంతవరకు గీచిన గీత అది. భూమి ఇంకొక రెండు కోట్లు ఎక్కువ పలికియుండినచో ఆరవ కారు కూడ దానిలో చేరియుండును. ఉమాస్వాతి తత్త్వార్థసూత్రములో పరిగ్రహమునకు లక్షణము చెప్పుచు వస్తువును పేర్కొనలేదు, మూర్ఛను పేర్కొన్నాడు. వస్తువు ఇంకను షోరూములో నుండగనే మూర్ఛ మన ఇంటికి రాగలదు.

హైదరాబాదులో చౌమహల్లా ప్యాలెస్ చూచినవారికి అక్కడి పసుపుపచ్చని రోల్స్ రాయిస్ జ్ఞాపకముండును. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ దానిని చేయించుటకు ఆజ్ఞ ఇచ్చి, అది చేరకముందే 1911లో కాలధర్మము చెందినాడు. కారు కుమారునికి దక్కినది. అన్నేండ్లలోను అది నడచిన దూరము బహు స్వల్పము.

కార్లు కొనుట పాపమని నేననను. మనవారికి బేరము తెలిసినంతగా మరెవరికిని తెలియదు. 2025లో జైన్ ఇంటర్నేషనల్ ట్రేడ్ ఆర్గనైజేషన్ ద్వారా దేశములోని మనవారు కలసి బేరమాడి 186 ఖరీదైన కార్లు కొని, 21 కోట్ల రూపాయలకు పైగా తగ్గింపు పొందినారని పత్రికలలో వచ్చినది. చదివి గర్వపడితిని. కాఫీ త్రాగు లోపల కొంచెము సిగ్గు కూడ కలిగినది. ఎందుకనగా, అంత తగ్గింపు వచ్చునన్నచో అక్కరలేని కారు కూడ అక్కరగా కనబడును. ఇది అంగడివాడు కొనువానిపై ప్రయోగించు పాత ఉపాయమే; మనమే ప్రతి పండుగకు ప్రయోగించుచున్నాము.

ఇక నా సంగతి. నేను పరిగ్రహ పరిమాణము పట్టి ఇరువది యేండ్లు దాటినది. రూపాయలలో హద్దు పెట్టుకొంటిని. ఆ హద్దును ఇంటి స్థలము విలువ ఒక్కటే దాటిపోయినది. నేనేమి చేసితిని? కొంత భార్య పేరున, కొంత కుమారుని పేరున వ్రాయించితిని. రెండవ కారు కంపెనీ పేరున ఉన్నది. హేమచంద్రాచార్యులు 12వ శతాబ్దములోనే యోగశాస్త్రములో ఈ దొడ్డిదారులన్నియు లెక్క పెట్టినారు. రెండిండ్ల నడుమ గోడ తీసివేసి ఒక్క ఇల్లే అనుట ఒకటి. మిగిలినదానిని ఇంకొకరి చేతిలో పెట్టుట ఒకటి. ఇవి అతిచారములని ఆయన తీర్పు. ఆడిటర్లు లేని కాలమున ఆయనకు ఇవన్నియు ఎట్లు తెలిసినవో!

కావున మేనల్లునికి ఉపదేశము చేయుటకు నాకు నోరు రాలేదు. ఒక పని మాత్రము చెప్పితిని. మన యిండ్లలో పెద్దలు ప్రొద్దున ధారణ చేయు పదునాలుగు నియమములలో వాహనము ఒకటి. ఈ దినము ఇన్ని వాహనములకు మించి ఎక్కనని సంకల్పము. "ఒక పక్షము ఆ ఒక్క నియమము పట్టు. ఏ దినము ఏమి ఎక్కినావో రాత్రికి వ్రాయి. తరువాత పట్టీ సంగతి చూతము" అంటిని.

పదునైదు దినముల తరువాత వచ్చినాడు. చిక్కపేటకు మెట్రోలో తొమ్మిది మార్లు వచ్చినాడట. అవెన్యూ రోడ్డులో కారు నిలుపుటకు చోటెక్కడ? ఇంటి కారు ఆరు దినములు, తమ్ముని స్కూటరు మూడు దినములు. పట్టీలో టొయోటా, అంబాసిడరు మిగిలినవి. పోర్షె పేరు కొట్టివేసి, మరల ప్రక్కన చిన్న అక్షరములతో వ్రాసియున్నది. నేనేమియు అనలేదు.

పోవుచు గుమ్మమువద్ద ఆగి, "మామయ్యా, కంపెనీ పేరున ఉన్న మీ కారు ఏ పట్టీలో రాయాలి?" అన్నాడు. వాని ముఖమున హాస్యము లేదు.

సంవత్సరి ప్రతిక్రమణకు ముందే దానిని నా లెక్కలోనికి మార్చవలెనని గుమాస్తాకు చెప్పితిని. ఏటా నూటికి 15 వంతున తరుగు వ్రాయుచున్నాము, ఆడిటరుగారి నడిగి చెప్పెదనన్నాడు.