లెక్కకు రానివారు – పర్యవేక్షకుని కాయకము



కాయకమనగానే మనకు నేత, సేద్యము, వర్తకము స్ఫురించును. కార్యాలయమున కూర్చుండి, ఇతరులు వ్రాసి తెచ్చిన లెక్కలపై సంతకము చేయుటయు కాయకమేనా? అయినచో ఆ లెక్కలలోని అసత్యము ఎవరిది? వ్రాసినవానిదా, చూడక సంతకము చేసినవానిదా? ఈ ప్రశ్న 30 సంవత్సరములుగా నన్ను వెంటాడుచున్నది. దానికి మూలము నా దోషమే గనుక మొదట దానినే చెప్పెదను.

తెలుగు పండిత శిక్షణ ముగించి ఉద్యోగమునకై ఎదురుచూచు దినములలో, ఆదోని – ఎమ్మిగనూరు మార్గమున వాహనములను లెక్కించు పని నాకు దినకూలిపై దొరకినది. రోడ్డును వెడల్పు చేయవలెనన్నను, క్రొత్తది వేయవలెనన్నను రవాణా ప్రణాళికకు ఇట్టి గణనయే పునాది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారి నియమము ప్రకారము సంవత్సరమునకు రెండు పర్యాయములు లెక్కింపవలయును. పంట మార్కెట్టుకు చేరు ముమ్మర కాలమున ఒకసారి, పనులు సన్నగిల్లిన కాలమున ఒకసారి. ప్రతి పర్యాయము వరుసగా 7 దినములు, రేయింబవళ్లు. ఆదోని ప్రత్తి యార్డును ఎఱిగినవారికి ఇందలి వివేకము వెంటనే బోధపడును. మార్గశిరమునందలి రోడ్డు వేఱు, ఆషాఢమునందలి రోడ్డు వేఱు.

మేము ఇరువురము. మూడవ రాత్రి చలికి తాళలేక టీ అంగడిలో నిద్రించితిమి. తెల్లవారిన పిదప ముందటి రాత్రి అంకెలనే కొంచెము మార్చి గడులలో నింపితిమి. పర్యవేక్షకుడు జీపులో వచ్చి, దిగకయే కాగితములు తీసికొని, సంతకము చేసి వెడలిపోయెను. బ్రతికితిమని సంతోషించితిమి.

తరువాత నేను ఉపాధ్యాయుడనైతిని. ఆ మార్గమునకు ప్రక్కగా నున్న ఒక పల్లెలో, ఏడవ తరగతి ముగించిన బాలిక యొకతె చదువు మానినది. తండ్రిని అడుగగా, "ఆడపిల్లను అంత దూరం నడిపిచ్చి యాడికి పంపేది సార్? బస్సు వస్తే మేమెందుకు వద్దంటాము?" అనెను. ఆ రాత్రి నాకు ఆ గడులు జ్ఞప్తికి వచ్చినవి. నేను నింపిన తప్పుటంకెల వలననే ఆ పల్లెకు బస్సు రాలేదని చెప్పజాలను. వానికిని దీనికిని సంబంధము లేదనియు చెప్పజాలను.

మఱియొక సంగతియు అప్పుడే తోచినది. మేము సత్యముగా లెక్కించినను ఆ బాలిక మా కాగితములోనికి వచ్చియుండదు. ఇంజనీర్లు వేర్వేఱు వాహనములను ఒకే కొలతకు తెచ్చెదరు. కారు ఒకటి యనుకొన్నచో మోటారు సైకిలు అర, బస్సు గాని లారీ గాని మూడు, ట్రైలరు గల ట్రాక్టరు నాలుగున్నర, పెద్ద ఎద్దులబండి ఎనిమిది. ఎవరు దారిని ఎంత ఆక్రమించి ఇతరులను ఎంత ఆపుదురో దానిని బట్టి ఈ విలువ. సుగ్గికి పోవు కూలీలు 30 మంది లారీలో నిలుచున్నను, ప్రత్తి బోరెములున్నను దాని విలువ మూడే. తలపై మూటతో దారి ప్రక్కన నడచు స్త్రీకి ఈ పట్టికలో విలువయే లేదు. ఆమె ఎవరికిని అడ్డము రాదు గదా! బస్సుల విషయమును ఇట్టిదే. ఆక్యుపెన్సీ రేషియో ఎక్కినవారి సంగతి చెప్పును గాని, బస్సు లేక ఇంట నిలిచిపోయినవారి సంగతి చెప్పదు. ఆ కొఱతను కనిపెట్టుటకే కదా పర్యవేక్షకుడు!

ఇది అసాధ్యము కాదు. 2000 డిసెంబరు 25న ఆరంభమైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో, మైదాన ప్రాంతములందు 2001 జనాభా లెక్కల ప్రకారము 500 మందియు అంతకు మించియు ఉండి, రోడ్డు లేని ఆవాసములను ఎంచుకొనిరి. పోవు వాహనములెన్ని యను ప్రశ్న, ఉన్న మనుష్యులెందఱని మాఱినది. పనుల నాణ్యతకు స్థానిక ఇంజనీర్లు, రాష్ట్ర పరిశీలకులు, జాతీయ పరిశీలకులు అని మూడంచెల తనిఖీ ఏర్పఱచిరి. 2025 ఆగస్టు 15 నుండి స్త్రీశక్తి పథకము క్రింద పల్లెవెలుగు మొదలగు బస్సులలో స్త్రీలకు ప్రయాణము ఉచితమైనది. సంతోషింపదగినదే, కాని బస్సే రాని ఊరి బాలికకు దానివలన ఫలమేమి? ఈ మాట పై వారికి చెప్పవలసినవాడు మరల ఆ పర్యవేక్షకుడే.

"ఇన్ని రోడ్లను ఒక అధికారి ఎట్లు చూడగలడు?" అని కొందఱు అడుగుదురు. న్యాయమైన మాటయే. గడువులు తరుముచుండగా నోటుపుస్తకములపై చదువకయే ఎఱ్ఱసిరాతో గుర్తులు పెట్టిన దినములు నాకును కలవు. అన్నియు చూడనక్కఱలేదు. చెప్పకుండ ఒక రాత్రి ఒక చోట జీపు దిగిన చాలును. "ఈ కాగితములో లేనివారెవరు?" అని లెక్క తెచ్చినవానిని అడిగిన చాలును. ఆనాడు ఆయన దిగియుండినచో మేము ఒక దినము సిగ్గుపడియుందుము, మరునాటి రాత్రి మేలుకొని యుందుము.

బసవేశ్వరుడు కల్యాణమున బిజ్జలుని భండారి. ధనము జంగములపాలగుచున్నదని కొండెములు చెప్పగా రాజు లెక్క చూడవచ్చెననియు, బసవన్న భండారము తెఱచి చూపగా లెక్క సరిపోయెననియు పాల్కురికి సోమనాథుని బసవపురాణము తెలుపును. తనిఖీని ఆయన అవమానముగా తలపలేదు. ఆయ్దక్కి మారయ్య ఒకనాడు అవసరమునకు మించి బియ్యము ఏరి తేగా, లక్కమ్మ మిగులును అచ్చటనే పోసి రమ్మనెను. ఆమెకు పదవి లేదు, ముద్ర లేదు. ప్రతిదినము వచ్చు గింజలను చూచుచుండెను గనుకనే ఆనాటి హెచ్చు ఆమెకు తెలిసినది. భర్తపై అనుమానముచే ఆమె చూడలేదు. ఇరువురి కాయకమును చెడకుండవలెనని చూచినది.

మన బిడ్డలు నేడు ఇంజనీర్లుగను, ఆర్టీసీయందును ఉన్నారు. 2020 జనవరి 1 నుండి ఆర్టీసీ సిబ్బందియు ప్రభుత్వోద్యోగులైరి. సెలవులకు వారు ఇంటికి వచ్చినపుడు జీతమెంత, బదిలీ ఎప్పుడని అడుగుదుము. ఈమాఱు, "ఏ కాగితముపై సంతకము చేసితివి నాయనా? అచ్చటికి పోయి చూచితివా?" అనియు అడుగుదము. అడుగు హక్కు నాకు తక్కువయే; అయినను అడుగుచున్నాను.