పోలీస్ యాక్షన్: కాపాడ వచ్చినవాళ్ల లెక్క

మా జడ్చర్ల దిక్కు ముసలివాళ్లు పుట్టిన తేదీలు చెప్పేవాళ్లు కాదు. 'పోలీస్ యాక్షన్‌కు ముందు', 'పోలీస్ యాక్షన్ అయినంక' అనేవాళ్లు. హిందువులూ అంతే, సాయిబులూ అంతే.

ఇంతకూ వచ్చింది పోలీసులు కాదు. 1948 సెప్టెంబర్ 13న హైదరాబాద్ సంస్థానంలోకి వచ్చింది భారత సైన్యం, టాంకులతో, విమానాలతో. ఐదు రోజుల్లో నిజాం లొంగిపోయాడు. పరాయి రాజ్యం మీదికి పోతే యుద్ధం అంటారు, ఇంట్లో అల్లరి అణిస్తే పోలీసు పని అంటారు. నిజాం ఐక్యరాజ్యసమితి భద్రతామండలికి మొరపెట్టుకొని ఉన్నాడు. హైదరాబాద్ ఇల్లా, పరాయా అన్న తగువు తెగకముందే ఆ పేరు సగం తీర్పు చెప్పేసింది.

మరి రావద్దా? రావలసిందే. ఖాసిం రజ్వీ రజాకార్లు ఊళ్లు తగలబెడుతున్నారు. ఆగస్టులో బైరాన్‌పల్లిలో జనాన్ని నిలబెట్టి కాల్చారు. అదే నెల 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను అర్ధరాత్రి చంపారు. ఆయన ముసల్మాను. సంస్థానం ఇండియాలో కలవాలని ఉర్దూలో రాశాడు. మమ్మల్నందరినీ రజాకార్ల వారసులనేవాళ్లకు ఈ పేరు ఎందుకు గుర్తురాదో!

నా పేచీ ఆ తర్వాతి రోజులతో. సైన్యం రాగానే బలవంతుడెవరో, దిక్కులేనివాడెవరో తారుమారైంది. రజ్వీ జైలుకు పోయాడు. రజాకారు బట్ట ఎన్నడూ తొడగని సాయిబు ఊళ్లో దొరికిపోయాడు. నెహ్రూ పంపిన పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్‌ల బృందం ఊళ్లు తిరిగి, తక్కువలో తక్కువ వేసుకున్నా 27 వేల నుంచి 40 వేల మంది చచ్చిపోయారని రాసింది. ఎక్కువ చావులు ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్‌లలో. కొన్నిచోట్ల సైనికులే చంపారనీ రాసింది. ఆ నివేదిక జనం చూడడానికి 2013 దాకా పట్టింది. నల్లగొండలో అదే సైన్యం 1951 దాకా కమ్యూనిస్టు రైతుల్ని వేటాడింది. పారిపోయిన దొరలు దాని వెనకే ఊళ్లకొచ్చారు.

ఇది మన ఒక్కరి కథ కాదు. 1971లో ఢాకా విడుదలయ్యాక ఉర్దూ మాట్లాడే బిహారీల మీద పడ్డారు. 1999లో నాటో బాంబులు ఆగాక కొసావోలో సెర్బులు ఇళ్లు వదిలి పారిపోయారు. కాపాడడానికి వచ్చినవాడు ఎవరి పిలుపు మీద వచ్చాడో వాళ్లకే జవాబుదారీ అనుకుంటాడు. అతని రాకతో దిక్కులేనివాళ్లైనవాళ్లకు జవాబు ఎవరు చెప్పాలి? రజాకార్ల పాపాన్ని ఈ చావులకు చెల్లువేస్తే, బైరాన్‌పల్లిని కాల్చినవాళ్ల లెక్కనే మనమూ వేసినట్టు కాదా?

సుందర్‌లాల్ నివేదికలో ఇంకో సంగతుంది. కొన్నిచోట్ల హిందూ సాలెవాళ్లు తమతో మగ్గం నేసే ముస్లిం సాలెవాళ్లకు అడ్డం నిలబడ్డారు. అట్లా నిలబడి కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. వాళ్లను ఏ సర్కారూ పంపలేదు.